టో రోప్ పొడవు: మీటర్ల కొలత, సెకన్ల విలువ

ఇంజిన్ లేని విమానమైన గ్లైడర్ తనంతట తాను నేల విడవలేదు కనుక, దానిని గాలిలోకి చేర్చే పద్ధతి ఎప్పుడూ మరో యంత్రం మీదే ఆధారపడి ఉంటుంది. ఆ పద్ధతుల్లో ప్రపంచమంతటా విస్తృతంగా వాడుకలో ఉన్నది ఏరోటో; అంటే ఇంజిన్ ఉన్న చిన్న విమానం ఒక తాడుతో గ్లైడర్‌ను వెంట లాక్కుపోయి, కావలసిన ఎత్తు చేరాక వదిలివేయడం. లాగే విమానాన్ని టగ్ అనీ, ఆ తాడును టో రోప్ అనీ వ్యవహరిస్తారు. ఈ తాడు ఎంత పొడవుండాలన్న ప్రశ్న పైకి చిన్నదిగా కనిపించినా, దానికి వచ్చే సమాధానం టగ్ పైలట్ ప్రాణరక్షణను, గ్లైడర్ పైలట్‌కు దొరికే వ్యవధిని, తాడులో పుట్టే కుదుపును, మైదానం నిడివిని ఏకకాలంలో ప్రభావితం చేస్తుంది.

క్రీడా గ్లైడింగ్‌లో ఈ విషయమై స్థూలమైన ఏకాభిప్రాయం ఉంది. అమెరికాలో సాధారణంగా 200 అడుగుల తాడు, అంటే దాదాపు 60 మీటర్లది వాడతారు. జర్మన్ గ్లైడర్ల మాన్యువళ్లలో తరచుగా కనిపించే సిఫారసు 40 నుంచి 60 మీటర్ల మధ్య ఉంటుంది. అయితే ఈ అంకెలు ఎక్కడినుంచి వచ్చాయి, వాటిని దాటి పొడవు పెంచితే ఏమి ఒనగూరుతుంది, తగ్గిస్తే ఏమి కోల్పోవలసి వస్తుంది అన్న ప్రశ్నలకు సమాధానం చరిత్ర, జ్యామితి, పదార్థ ధర్మాలు, నేల మీది ఆచరణ అనే నాలుగు వైపుల నుంచీ కూడదీసుకోవలసి ఉంటుంది. ఈ నాలుగింటినీ కలిపి పరిశీలిస్తే తేలే సారాంశం ఒకటే: తాడు పొడవును మీటర్లలో కొలిచినా దాని అసలు విలువ సెకన్లలో ఉంది, ఆ సెకన్లు అందరికంటే ఎక్కువగా అవసరమయ్యేది టగ్ నడిపే మనిషికి.

చరిత్ర చెప్పే పాఠాలు

విమానంతో గ్లైడర్‌ను లాగే ప్రయోగాలు 1927లో జర్మనీలోని కాసెల్ నగరంలో ఊపందుకున్నాయి; గెర్హార్డ్ ఫీజెలర్, గోట్లోబ్ ఎస్పెన్‌లౌబ్ వంటి పైలట్ల పేర్లు ఆ తొలి ప్రయత్నాలతో ముడిపడి ఉన్నాయి. కొండవాలు నుంచి రబ్బరు తాళ్లతో గ్లైడర్‌ను విసిరే పాత పద్ధతికి ఇది ప్రత్యామ్నాయంగా నిలవడంతో, కొండలు లేని సమతల ప్రాంతాల్లో కూడా గ్లైడింగ్ సాధ్యమైంది.

తాడు పొడవు గురించిన ఆలోచనను ఎక్కువగా పరీక్షకు పెట్టింది రెండవ ప్రపంచ యుద్ధం. 1940 మే 10న బెల్జియంలోని ఎబెన్-ఎమాయెల్ కోట మీద దాడికి జర్మన్ సైన్యం డీఎఫ్‌ఎస్ 230 గ్లైడర్లను యుంకర్స్ 52 విమానాల వెనుక కట్టి పంపింది. దాడి నాయకుడు రుడాల్ఫ్ విట్జిగ్ ఉన్న గ్లైడర్‌ను లాగుతున్న విమానం మరో విమానాన్ని తప్పించుకోవడానికి ఒక్కసారిగా పక్కకు తిరగగా తాడు తెగిపోయింది, ఆ గ్లైడర్ జర్మనీ గడ్డ మీదే దిగవలసివచ్చింది. నిలకడగా లాగుతున్నంతసేపూ నిలిచే తాడు, ఆకస్మికమైన దిశ మార్పుతో పుట్టే కుదుపుకు తెగుతుందన్న విషయానికి ఇది తొలి ప్రసిద్ధ ఉదాహరణల్లో ఒకటి.

అమెరికన్ సైన్యం వాడిన వాకో సీజీ-4ఏ గ్లైడర్‌కు 350 అడుగుల నైలాన్ తాడు ప్రమాణంగా ఉండేది. సైనికులను, జీపులను మోసే బరువైన గ్లైడర్‌ను రాత్రివేళ, గుంపుగా ఎగిరే విమానాల నడుమ లాగవలసి రావడం వల్ల క్రీడా గ్లైడింగ్‌లో కంటే పొడవైన తాడు అవసరమైంది. ఒకే విమానం రెండు గ్లైడర్లను లాగినప్పుడు రెండు తాళ్లనూ ఒకే పొడవున ఉంచితే గ్లైడర్లు ఒకదానికొకటి తగిలే ప్రమాదం ఉంటుంది కనుక ఒక తాడును మరింత పొడవుగా ఉంచి, ఒక గ్లైడర్ రెండవదానికి వెనుకగా, పక్కగా ఎగిరేలా ఏర్పాటు చేసేవారు. గ్లైడర్‌కూ టగ్‌కూ మధ్య మాట్లాడుకోవడానికి టెలిఫోన్ తీగను తాడు వెంబడే చుట్టేవారు. బ్రిటిష్ సైనిక గ్లైడర్లలోనైతే, మేఘాల్లోనూ చీకటిలోనూ టగ్ కనబడనప్పుడు తాడు ఏ కోణంలో ఉందో చూసి స్థానాన్ని అంచనా వేసుకునేందుకు ఒక ప్రత్యేక పరికరాన్ని అమర్చారు. తాడు పొడవు పెరిగేకొద్దీ టగ్ కంటికి చిన్నదై, దాని కదలికలను గుర్తించడం కష్టమవుతుందన్న సంగతి దీని వెనుక ఉంది.

ఈ చరిత్రలో భారతదేశానికి నేరుగా సంబంధించిన ఘట్టం 1944 మార్చి 5 నాటిది. అస్సాంలోని లాలాఘాట్ మైదానం నుంచి బర్మా అడవుల్లోని బ్రాడ్‌వే అనే సంకేతనామం గల స్థలానికి సైన్యాన్ని చేర్చేందుకు సీ-47 విమానాలు ఒక్కొక్కటి రెండేసి సీజీ-4ఏ గ్లైడర్లను లాగుతూ బయలుదేరాయి. గ్లైడర్లలో పరిమితికి మించి బరువు ఎక్కించడం, కొండలు దాటడానికి త్వరగా ఎత్తు పెంచవలసి రావడం, జంట గ్లైడర్ల లాగుడు అన్నీ కలిసి అనేక తాళ్లు దారిలోనే తెగిపోయాయి. అక్కడ తాళ్లు పొడవైనవే, సాగే గుణమున్న నైలాన్‌వే. అయినా భారం పరిమితి దాటితే పొడవు ఒక్కటే కాపాడలేదని ఆ రాత్రి రుజువైంది.

పొడవు విషయంలో మరో కొసను చూపేవి పరిశోధన విమానాలు. రెక్కలు లేకుండా శరీర ఆకృతితోనే గాలిలో తేలే ఎం2-ఎఫ్1 అనే నాసా ప్రయోగ వాహనాన్ని 1963లో సీ-47 రకం విమానం దాదాపు 1000 అడుగుల తాడుతో లాగింది. 1997 డిసెంబరు నుంచి 1998 ఫిబ్రవరి వరకు ఎడ్వర్డ్స్ వైమానిక స్థావరంలో జరిగిన ఎక్లిప్స్ ప్రయోగాల్లో క్యూఎఫ్-106 అనే జెట్ విమానాన్ని సీ-141 రవాణా విమానం వెనుక వెక్‌ట్రాన్ అనే కృత్రిమ నారతో చేసిన 1000 అడుగుల తాడుతో లాగారు. పెద్ద విమానం వెనుక ఏర్పడే బలమైన గాలి సుడులకు దూరంగా ఉండవలసినప్పుడు, సుశిక్షితులైన పరీక్షా పైలట్లు, మైళ్ల కొద్దీ విస్తరించిన ఎండు సరస్సు మైదానాలు ఉన్నప్పుడు అంత పొడవు సబబే. వారాంతాల్లో ఎగిరే క్లబ్బుకు ఈ మూడు పరిస్థితుల్లో ఒక్కటీ వర్తించదు.

జ్యామితి: కోణం, వ్యవధి

టగ్ సాధారణంగా గంటకు 110 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు సుమారు 30 మీటర్ల వేగంతో గ్లైడర్‌ను లాగుతుంది. 60 మీటర్ల తాడు ఉన్నప్పుడు టగ్ ఇప్పుడు దాటిన గాలిలోకి గ్లైడర్ 2 సెకన్ల తరువాత ప్రవేశిస్తుంది. 30 మీటర్ల తాడు అయితే ఆ వ్యవధి 1 సెకను. ముందున్న టగ్ ఒక్కసారిగా పైకి లేస్తే, తానూ అదే పైకి లేచే గాలిలోకి పోబోతున్నానని గ్లైడర్ పైలట్ గ్రహించి సిద్ధపడే గడువు ఇదే.

అయితే గాలి వల్ల కలిగే కలతకూ పైలట్ వల్ల కలిగే కలతకూ మధ్య ఉన్న భేదాన్ని ఇక్కడ స్పష్టంగా గుర్తించాలి, ఎందుకంటే తాడు పొడవు ఈ రెండింటి మీదా ఒకే విధంగా పనిచేయదు. థర్మల్, అంటే ఎండకు వేడెక్కి పైకి లేచే గాలి స్తంభం, సెకనుకు 3 మీటర్ల వేగంతో లేస్తున్నదనుకుంటే, 60 మీటర్ల తాడు ఉన్న టగ్ గ్లైడర్ కంటే ముందుగా అందులో ప్రవేశించి ఆ 2 సెకన్లలో సుమారు 6 మీటర్లు పైకి పోతుంది. 100 మీటర్ల తాడు ఉంటే ఈ తేడా 10 మీటర్లకు చేరుతుంది. కానీ తాడు వాలే కోణం రెండు సందర్భాల్లోనూ దాదాపు 6 డిగ్రీలే. అంటే గాలి తెచ్చే కలతలో పొడవు పెంచినంత మాత్రాన కోణం తగ్గదు, పైగా సరిదిద్దుకోవలసిన ఎత్తు తేడా పెరుగుతుంది. దీనికి భిన్నంగా, గ్లైడర్ పైలట్ తన పొరపాటు వల్ల టగ్ కంటే సెకనుకు 5 మీటర్లు వేగంగా పైకి పోతే, 60 మీటర్ల తాడు మీద కోణం సెకనుకు సుమారు 5 డిగ్రీల చొప్పున పెరుగుతుంది, 30 మీటర్ల తాడు మీద దాదాపు 10 డిగ్రీల చొప్పున పెరుగుతుంది. పొడవైన తాడు నిజంగా ఆదుకునేది ఈ రెండవ రకం కలతలోనే.

మలుపుల్లో పొడవు ప్రభావం మరో రూపంలో కనిపిస్తుంది. సెకనుకు 30 మీటర్ల వేగంతో 20 డిగ్రీల వాలులో తిరిగే టగ్ సుమారు 250 మీటర్ల వ్యాసార్ధం గల వృత్తం మీద ప్రయాణిస్తుంది, గ్లైడర్ కూడా అదే వృత్తం మీద ఉండవలసి ఉంటుంది. 60 మీటర్ల తాడు ఆ వృత్తంలో ఒక జ్యాగా నిలిచి, ప్రయాణ దిశతో దాదాపు 7 డిగ్రీల కోణం చేస్తుంది. 100 మీటర్ల తాడు అయితే 11 డిగ్రీలు దాటుతుంది. అందువల్లే మలుపులో గ్లైడర్ ముక్కును నేరుగా టగ్ వైపు కాక, దాని వెలుపలి రెక్క కొన వైపు చూపాలని శిక్షకులు బోధిస్తారు. తాడు పొడవు పెరిగితే ఈ మొగ్గు మరింత పెంచవలసి వస్తుంది. అది తెలియని పైలట్ వృత్తం లోపలికి జారితే తాడు వదులవుతుంది, బయటికి పోతే గ్లైడర్ వేగం పెరిగి బిగువు అధికమవుతుంది.

టగ్ తోక లేచిపోయే ప్రమాదం

ఏరోటోలో అత్యంత భయంకరమైన ప్రమాదం గ్లైడర్ టగ్ తోకను పైకి ఎత్తివేయడం. గ్లైడర్ వేగంగా టగ్ కంటే పైకి పోయినప్పుడు, దారం లాగిన గాలిపటం ఎగసినట్లుగా, తాడు బిగువే దాన్ని ఇంకా పైకి ఎగదోస్తుంది. తాడు తోకను పైకి లాగుతుంటే టగ్ ముక్కు కిందికి వాలుతుంది. ఎలివేటర్‌ను, అంటే ముక్కును పైకీ కిందికీ నడిపే తోక పలకను, పూర్తిగా లాగినా ఆ బలాన్ని ఎదుర్కోలేని స్థితి వస్తుంది. ఇది నేలకు దగ్గరలో జరిగితే టగ్ పైలట్‌కు తేరుకునే ఎత్తు ఉండదు, గ్లైడర్ పైలట్ మాత్రం తరచుగా సురక్షితంగా దిగుతాడు. ఒకరి పొరపాటుకు మరొకరు బలయ్యే ఈ అసమానతే తాడు పొడవు గురించిన చర్చకు నైతిక బరువును ఇస్తుంది.

ఇక్కడ పొడవు చేసే మేలును సులభంగా లెక్కకట్టవచ్చు. తాడు 30 డిగ్రీల కోణానికి చేరాలంటే గ్లైడర్ తాడు పొడవులో సగం ఎత్తు టగ్ పైకి పోవాలి. సెకనుకు 5 మీటర్ల సాపేక్ష వేగంతో పైకి పోయే గ్లైడర్‌కు 60 మీటర్ల తాడు మీద ఇందుకు 6 సెకన్లు, 30 మీటర్ల తాడు మీద 3 సెకన్లు, 20 మీటర్ల తాడు మీద 2 సెకన్లు పడుతుంది. వాస్తవంలో గ్లైడర్ పైకి పోయేకొద్దీ దాని వేగం పెరుగుతుంది కనుక ఈ గడువులు ఇంకా తగ్గుతాయి. జరుగుతున్నదేమిటో గ్రహించి, చేయి తాడును విడిపించే రిలీజ్ పిడి మీదికి పోయి, దాన్ని లాగడానికి మనిషికి కావలసిన వ్యవధితో పోలిస్తే, పొట్టి తాడు టగ్ పైలట్‌కు మిగిల్చేది దాదాపు ఏమీ ఉండదు.

ఈ ప్రమాదానికి దోహదపడే పరిస్థితులు అనేకం: తేలికైన గ్లైడర్, తేలికైన పైలట్ వల్ల వెనక్కి జరిగిన గురుత్వ కేంద్రం, ముక్కు దగ్గర కాక గురుత్వ కేంద్రానికి చేరువలో ఉన్న, తాడు తగిలించే హుక్, అనుభవం చాలని చేయి, అల్లకల్లోలమైన గాలి, వీటన్నిటితో పాటు పొట్టి తాడు. వీటిలో ప్రతి ఒక్కటీ విడిగా భరించదగినదే కావచ్చు, కానీ అన్నీ ఒకే రోజున, ఒకే ఎగురుదలలో కలిసినప్పుడు ప్రమాదం అనూహ్యమైన వేగంతో ముంచుకొస్తుంది. గాలిని ఎవరూ మార్చలేరు, అనుభవం ఒక్కరోజులో రాదు, హుక్ స్థానం గ్లైడర్ తయారీలోనే స్థిరపడుతుంది. ఎగరడానికి ముందే మైదానంలో నిలబడి మార్చగలిగిన కొద్ది అంశాల్లో తాడు పొడవు ఒకటి. టగ్ కనుమరుగైతే గ్లైడర్ పైలట్ ఆలోచించకుండా వెంటనే తాడు వదలాలన్న నియమాన్ని ఎంత పొడవైన తాడూ భర్తీ చేయలేదు. పొడవు ఆ నియమాన్ని పాటించడానికి కావలసిన వ్యవధిని మాత్రమే సమకూర్చగలదు.

కుదుపు, సాగుడు, వీక్ లింక్

నిలకడగా పైకి పోతున్న దశలో తాడు మీద పడే బలం చాలామంది ఊహించినదానికంటే తక్కువ. 500 కిలోల గ్లైడర్‌ను సెకనుకు 30 మీటర్ల వేగంతో ముందుకు, 2.5 మీటర్ల వేగంతో పైకి తీసుకుపోయేటప్పుడు గాలి నిరోధానికి 17 కిలోల వరకు, పైకి ఎక్కడానికి 40 కిలోల వరకు కలిపి మొత్తం దాదాపు 60 కిలోల బరువుకు సమానమైన బిగువు సరిపోతుంది. తాళ్లు తెగేది ఈ బలానికి కాదు. గాలి కలత వల్లగానీ, పైలట్ తప్పిదం వల్లగానీ తాడు వదులై, గ్లైడర్ ముందుకు చొచ్చుకువచ్చి, తరువాత టగ్ దూరమయ్యే క్షణంలో తాడు ఒక్కసారిగా బిగుసుకుంటుంది; కుదుపు పుట్టేది అప్పుడే.

ఈ కుదుపు ఎంతన్నది రెండు విమానాల వేగాల తేడా మీద, తాడు సాగే గుణం మీద ఆధారపడుతుంది. ఒకే రకం తాడులో పొడవు రెట్టింపైతే అదే బలానికి అది రెట్టింపు సాగుతుంది, అంటే మెత్తని స్ప్రింగులా పనిచేస్తుంది. సరళీకరించిన ఒక లెక్కను చూడవచ్చు: టగ్ 800 కిలోలు, గ్లైడర్ 500 కిలోలు, తాడు బిగిసే క్షణంలో వేగాల తేడా సెకనుకు 3 మీటర్లు, తాడు 1000 కిలోల బలం దగ్గర 20 శాతం సాగే రకం అనుకుంటే, 60 మీటర్ల తాడులో పుట్టే గరిష్ఠ బలం సుమారు 150 కిలోలు, 30 మీటర్ల తాడులో సుమారు 215 కిలోలు. అదే 1000 కిలోల బలం దగ్గర 4 శాతం మాత్రమే సాగే గట్టి తాడైతే 60 మీటర్లలో 340 కిలోలకు, 30 మీటర్లలో 485 కిలోలకు చేరుతుంది. పొడవును సగానికి తగ్గిస్తే కుదుపు 1.4 రెట్లవుతుంది, సాగే గుణం ఐదో వంతుకు పడిపోతే 2.2 రెట్లవుతుంది.

ఈ పోలికలో పొడవు చర్చకు చాలా ముఖ్యమైన విషయం దాగి ఉంది. నైలాన్, పాలీప్రొపిలీన్ తాళ్లకు అలవాటుపడిన ఒక క్లబ్బు బరువు తక్కువనీ, బలం ఎక్కువనీ డైనీమా వంటి దాదాపు సాగని నార తాడుకు మారినప్పుడు, పాత పొడవునే కొనసాగించినా పాత మెత్తదనం మిగలదు. పదార్థం పేరు చెప్పకుండా పొడవు ఒక్కదాని గురించి ఇచ్చే సలహా అసంపూర్ణమైనది. మరోవైపు, అతిగా సాగే తాడు కూడా దోషరహితం కాదు. సాగి నిల్వచేసుకున్న శక్తిని అది తిరిగి ఇచ్చేటప్పుడు గ్లైడర్‌ను ముందుకు విసిరి మళ్లీ వదులును పుట్టిస్తుంది, తెగిన పక్షంలో కొరడాలా వెనక్కి కొడుతుంది. అందుకే ఓ మోస్తరుగా సాగే తాడును, మధ్యస్థమైన పొడవులో వాడటం ఆచరణలో నిలదొక్కుకుంది.

కుదుపు నుంచి విమానాల నిర్మాణాన్ని కాపాడేందుకు తాడు చివర వీక్ లింక్ అమరుస్తారు. ముందే నిర్ణయించిన బలం దగ్గర తెగిపోయేలా తయారుచేసిన చిన్న బంధం ఇది. జర్మనీకి చెందిన టోస్ట్ సంస్థ తయారుచేసే లోహపు వీక్ లింకులు రంగుల ద్వారా బలాన్ని సూచిస్తాయి. నలుపు 1000, గోధుమ 850, ఎరుపు 750, నీలం 600, తెలుపు 500 డెకాన్యూటన్ల బలానికి గుర్తులు. ఒక డెకాన్యూటన్ దాదాపు ఒక కిలో బరువుకు సమానం. అమెరికా వైమానిక నియమావళిలోని 91.309 నిబంధన ప్రకారం తాడు తెగే బలం గ్లైడర్ గరిష్ఠ అనుమతి బరువులో 80 శాతానికి తగ్గకూడదు, రెండు రెట్లు మించకూడదు. అంటే 600 కిలోల గ్లైడర్‌కు 480 నుంచి 1200 కిలోల మధ్య ఉండాలి. తాడు అంతకంటే బలమైనదైతే రెండు చివరలా వీక్ లింకులు తప్పనిసరి, టగ్ వైపుది గ్లైడర్ వైపుదానికంటే కాస్త బలంగా ఉండాలి, ఆ తేడా 25 శాతం దాటకూడదు. గ్లైడర్ వైపు బంధమే ముందు తెగడం వల్ల తాడు టగ్‌తోనే ఉండిపోతుంది, గ్లైడర్ వేలాడే తాడుతో దిగవలసిన అవసరం రాదు.

గమనించదగినదేమంటే ఈ నిబంధన బలాన్ని ఇంత నిర్దిష్టంగా నిర్దేశించి, పొడవును మాత్రం ప్రస్తావించదు. పొడవు నిర్ణయం గ్లైడర్ మాన్యువల్‌కూ, క్లబ్బు అనుభవానికీ, టగ్ పైలట్ వివేకానికీ మిగిలిపోయింది. చట్టం మౌనంగా ఉన్న చోట ఆచారం అజాగ్రత్తగా మారకుండా చూసుకోవలసిన బాధ్యత ఎగిరేవారిదే.

టగ్ వెనుక గాలి, గ్లైడర్ స్థానం

టగ్ ప్రొపెల్లర్ వెనక్కి నెట్టే గాలి, రెక్కల కొనల నుంచి పుట్టే సుడులు కలిసి టగ్ వెనుక ఒక అల్లకల్లోలమైన ప్రవాహంగా ఏర్పడతాయి, దీన్ని వేక్ అంటారు. గ్లైడర్ ఈ ప్రవాహానికి పైన ఎగిరితే హై టో అనీ, కింద ఎగిరితే లో టో అనీ పేరు. బ్రిటన్, అమెరికా, ఐరోపా దేశాల్లో హై టో ప్రబలంగా ఉండగా, ఆస్ట్రేలియాలో లో టో బహుకాలంగా ప్రామాణిక పద్ధతిగా నిలిచింది. లో టోలో గ్లైడర్ టగ్ కంటే కిందనే ఉంటుంది కనుక, తోకను ఎత్తివేసే స్థితికి చేరాలంటే ముందు వేక్‌ను చీల్చుకుని పైకి రావాలి. ఆ కుదుపులు పైలట్‌కు హెచ్చరికగా పనిచేస్తాయని ఆ పద్ధతిని సమర్థించేవారి వాదన. అయితే తాడు అనుకోకుండా తెగినప్పుడు లో టోలో అది గ్లైడర్ మీదికి వచ్చిపడే అవకాశం ఎక్కువన్నది ఎదుటి వాదన. ఏ పద్ధతి పాటించినా, మరీ పొట్టి తాడులో గ్లైడర్ వేక్‌కు అతి చేరువలో ఉండి, స్థానంలోని చిన్న మార్పుకే అందులోకి జారుతుంది. నేల మీద బయలుదేరేటప్పుడు సైతం పొట్టి తాడు వల్ల ప్రొపెల్లర్ గాలి దుమ్మునూ రాళ్లనూ గ్లైడర్ మీదికి విసరడమే కాక, వేగం పుంజుకోని గ్లైడర్ రెక్కను ఒక పక్కకు వాల్చగలదు.

పొడవును మరీ పెంచితే వచ్చే చిక్కులు వేరు. తాడు తన బరువు వల్ల వంగే లోతు పొడవు వర్గానికి అనులోమంగా పెరుగుతుంది; పొడవు రెట్టింపైతే వంపు నాలుగింతలు. 60 మీటర్ల దగ్గర అర మీటరు కూడా ఉండని వంపు 300 మీటర్ల దగ్గర పది మీటర్ల మేరకు చేరవచ్చు. దూరం పెరిగితే చూపు కూడా తగ్గుతుంది, సుమారు 10.7 మీటర్ల రెక్కల విస్తారం గల టగ్ 60 మీటర్ల దూరం నుంచి 10 డిగ్రీల కోణంలో కనిపిస్తే, 300 మీటర్ల నుంచి 2 డిగ్రీలకు కుంచించుకుపోతుంది. టగ్ ఏ పక్కకు వాలుతున్నదీ, తోక మీది నిలువు పలకైన రడ్డరును ఊపి ఏ సంకేతం ఇస్తున్నదీ అంత దూరం నుంచి పోల్చుకోవడం శ్రమతో కూడిన పని.

మైదానం విధించే హద్దులు

గాలిలో పొడవు కోరే కారణాలన్నిటికీ ఎదురునిలిచేది నేల. మైదానం చివర గ్లైడర్‌ను నిలిపితే టగ్ తాడు పొడవంత ముందుకు జరిగి నిలవాలి. 500 మీటర్ల మైదానంలో 60 మీటర్ల తాడు టగ్‌కు 440 మీటర్లనే మిగులుస్తుంది. వేసవి వేడిలో గాలి పలుచబడి ఇంజిన్ శక్తి తగ్గినప్పుడు, గడ్డి తడిసి చక్రాలకు అడ్డుపడినప్పుడు ఈ తేడా నిర్ణయాత్మకమవుతుంది. దారిలో పొలంలో దిగిపోయిన గ్లైడర్‌ను తిరిగి తీసుకురావడానికి టగ్ ఆ పొలంలోనే దిగవలసివచ్చిన సందర్భాల్లో పొట్టి తాడు వాడాలన్న ఒత్తిడి సహజంగానే పెరుగుతుంది. అయితే అటువంటి ఇరుకు పొలంలో చెట్లు, తీగలు, అలవాటులేని గాలి వంటి ప్రతికూలతలన్నీ ఉంటాయి కనుక, పొట్టి తాడు తగ్గించే వ్యవధి అత్యంత అవసరమయ్యే చోటే దాన్ని కోల్పోతున్నామన్న ఎరుక ఉండాలి. పొలం నిడివి మామూలు తాడుకు చాలదని తేలితే, గ్లైడర్‌ను విప్పి ట్రైలర్ మీద రోడ్డు మార్గాన తీసుకుపోవడమే సరైన నిర్ణయం.

గ్లైడర్‌ను వదిలాక టగ్ తాడును వెంటేసుకుని దిగుతుంది, ఆ తాడు తోక వెనుక కిందికి వేలాడుతూ వస్తుంది. మైదానం అంచున కంచె, రోడ్డు, విద్యుత్తు తీగలు ఉంటే తాడు వాటికి తగలకుండా టగ్ తగినంత ఎత్తులో దాటి రావాలి. తాడు పొడవు పెరిగితే ఈ ఎత్తు పెరుగుతుంది, దిగడానికి మిగిలే నేల తగ్గుతుంది. దీనికి పరిష్కారంగా కొన్ని టగ్‌లలో తాడును గాలిలోనే లోపలికి చుట్టుకునే విద్యుత్ చక్రాన్ని అమరుస్తారు. అటువంటి ఏర్పాటులో తాడును హుక్ నుంచి వదలడం వీలుకాదు కనుక ఆపదలో దాన్ని కోసివేసే కత్తెర యంత్రం తప్పనిసరిగా ఉంటుంది, అది పనిచేస్తున్నదని క్రమం తప్పకుండా పరీక్షించడం పొడవు ఎంపిక అంత ముఖ్యమైన విధి.

పొడవుకు సంబంధించి తరచూ విస్మరణకు గురయ్యే అంశం మరొకటి ఉంది. నేల మీద ఈడ్చుకుపోవడం వల్ల తాడు చివరలు అరుగుతాయి. అరిగిన భాగాన్ని కోసి కొత్త చివర కుట్టిన ప్రతిసారీ తాడు కొంత పొట్టిదవుతుంది. కొన్ని నెలల్లో, ఎవరూ నిర్ణయించకుండానే, క్లబ్బు తాడు తన మొదటి పొడవుకు చాలా దూరం వచ్చేస్తుంది. ముడి వేసి నెట్టుకొద్దామనుకుంటే అది తాడు బలాన్ని దాదాపు సగానికి తగ్గించవచ్చు. కనుక బలంతో పాటు పొడవును కూడా నియమితంగా కొలిచి నమోదు చేయడం, కనీస పొడవు కంటే తగ్గిన తాడును తొలగించడం మంచి నిర్వహణలో భాగం.

వించ్ పద్ధతితో పొరబడకూడని ప్రశ్న

మన దేశంలో గ్లైడింగ్ ఎక్కువగా వించ్ మీద ఆధారపడి పెరిగింది; పుణె సమీపంలోని హడప్సర్ గ్లైడింగ్ కేంద్రం ఇందుకు ఉదాహరణ. వించ్ అంటే మైదానం అవతలి చివర నిలిపి ఉంచిన ఇంజిన్ పొడవైన కేబుల్‌ను వేగంగా చుట్టుకుంటూ గ్లైడర్‌ను పైకి లేపే ఏర్పాటు. అక్కడ కేబుల్ పొడవే దొరికే ఎత్తును నిర్ణయిస్తుంది, స్థూలంగా కేబుల్ పొడవులో మూడో వంతు వరకు ఎత్తు ఆశించవచ్చు. కనుక వించ్‌లో ఎంత పొడవైతే అంత మేలు. ఏరోటోలో ఎత్తును ఇచ్చేది టగ్ ఇంజిన్, తాడు పొడవుకు దానితో సంబంధం లేదు. ఒక పద్ధతిలో శిక్షణ పొంది మరో పద్ధతికి మారే పైలట్లు ఈ రెండు ప్రశ్నలనూ వేరువేరుగా చూడటం అవసరం.

సమన్వయం

పైన పరిశీలించిన అంశాలన్నిటినీ ఒకచోట చేర్చితే 60 మీటర్ల దరిదాపుల్లో స్థిరపడిన ఆచారానికి తార్కికమైన పునాది కనిపిస్తుంది. 30 మీటర్లకు దిగితే తోక ఎత్తివేత ప్రమాదంలో టగ్ పైలట్‌కు దక్కే వ్యవధి సగమవుతుంది, కుదుపు 1.4 రెట్లవుతుంది, వేక్ దగ్గరవుతుంది. 100 మీటర్లు దాటితే మలుపులు కష్టమవుతాయి, టగ్ కంటికి చిన్నదవుతుంది, మైదానం కుంచించుకుపోతుంది, గాలి కలతలో మాత్రం కోణం చెప్పుకోదగినంత తగ్గదు. ఈ రెండు హద్దుల మధ్య 50 నుంచి 60 మీటర్ల పరిధిలో లాభనష్టాలు సమతూకంలో నిలుస్తాయి.

ఎంపికకు అనుసరించదగిన క్రమం కూడా ఈ సమీక్ష నుంచే వెలువడుతుంది. మొదట గ్లైడర్, టగ్ మాన్యువళ్లు నిర్దేశించిన పరిధిని, వీక్ లింక్ బలాన్ని తీసుకోవాలి. ఆ పరిధిలో పై అంచుకు దగ్గరి పొడవుతో ప్రారంభించాలి. తరువాత తాడు పదార్థాన్ని చూడాలి. సాగని నార అయితే పొడవు తగ్గించే ఆలోచనే చేయకూడదు, వీలైతే సాగే భాగాన్ని జోడించాలి. శిక్షణ పొందుతున్నవారు, గురుత్వ కేంద్రం దగ్గరి హుక్ మాత్రమే ఉన్న తేలిక గ్లైడర్లు, కొండల వెనుక అల్లకల్లోలమైన గాలి ఉన్నచోట పొడవును తగ్గించకపోవడమే మేలు. చిట్టచివర మాత్రమే మైదానం నిడివిని లెక్కలోకి తీసుకోవాలి. మైదానం పొడవైన తాడును ఒప్పుకోకపోతే తాడును కుదించడం కంటే బరువు తగ్గించడం, చల్లని వేళ ఎదురుగాలి కోసం ఆగడం, మరింత శక్తిమంతమైన టగ్ తెచ్చుకోవడం, ఇవేవీ కుదరకపోతే ఆ రోజుకు ఎగరడం మానుకోవడం ముందుగా పరిశీలించవలసిన మార్గాలు.

ఈ క్రమంలో మైదానం సౌకర్యం చివరికి, టగ్ పైలట్ భద్రత మొదటికి రావడం యాదృచ్ఛికం కాదు. తాడు పొట్టిదైతే కలిగే సౌలభ్యం క్లబ్బంతటికీ అందుతుంది, దాని మూల్యం మాత్రం, చెల్లించవలసిన రోజు వస్తే, వెనుక ఏమి జరుగుతున్నదో అద్దంలో తప్ప చూడలేని ఒకే ఒక్క మనిషి మీద పడుతుంది. కనుక తాడు పొడవు నిర్ణయించే చర్చలో చివరి మాట ఆ మనిషిదే కావాలి, ఆయన చాలదన్న తాడుతో ఏ గ్లైడరూ నేల విడవకూడదు.